ఆనందంలో మడతపెట్టినది

మామయ్య ఏదైనా నిర్ణయించాడంటే ఇక ఇంట్లో వాళ్ళకి తలూపడం తప్ప వేరే పని ఉండదు. నాన్న పోయిన కొన్నాళ్ళకి, ఆయన చివరిదాకా పనిచేసిన ఆసుపత్రిలోనే, వాళ్ళ మీటింగు హాల్లో అందరం ఒక సాయంత్రం కూర్చుని ఆయన్ని తలుచుకుందాం అన్నాడు. అమ్మ తలూపింది. కూతురూ ఊపింది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. మామయ్య టీ గ్లాసు కింద పెట్టి మూతి తుడుచుకుంటూ, మాట్లాడేది మాత్రం గుండీయేనని తేల్చేశాడు.

గుండీ అంటే ఆ అమ్మాయే. అసలు పేరు కాలేజీ రిజిస్టర్లో ఉంది. పుట్టినప్పుడు చొక్కా గుండీ అంత ఉందని మామయ్యే మొదట అలా అన్నాడు, అది అతుక్కుపోయింది. ఇప్పుడు సాహిత్యంలో పీజీ చదువుతోంది. ఎప్పుడూ ఏదో ఒక పుస్తకంలో తలదూర్చి ఉంటుంది. నలుగురున్న గదిలో ఆమె గొంతు విన్నవాళ్ళు తక్కువ. క్లాసులో హాజరు పిలిచినప్పుడు పలికిన మాట పెదవి దాటక, ఎదురుగా కూర్చుని ఉండగానే గైర్హాజరు పడిన సందర్భాలున్నాయి.

"నేను మాట్లాడలేను మామయ్యా," అంది.

"ఇన్ని పుస్తకాలు మింగావు, నాలుగు ముక్కలు బయటికి రావా?" అన్నాడు మామయ్య. "నువ్వు కాకపోతే నేను మాట్లాడాలి. నేను మొదలుపెడితే జనం ఇళ్ళకి వెళ్ళే బస్సులు తప్పిపోతాయి. నీ ఇష్టం."

అమ్మ కూతురి వైపు చూసింది, అంతే. ఆ చూపు చూశాక కాదనడం గుండీ వల్ల కాలేదు.

ఏం చెప్పాలన్నది తర్వాతి చిక్కు. దానికీ మామయ్య దగ్గర మందు ఉంది. మిలిటరీ మనిషి అన్నాక ఓ యుద్ధం ఉండాలట, ఆ యుద్ధంలో తుపాకులు పేలాలట, కనీసం ఒక బాంబైనా బావ పక్కన పడి పేలకుండా ఉండిపోవాలట. "కాస్త ఉప్పూ కారం చల్లవే. మా బావ సైన్యంలో గుడ్డలు మడతపెట్టాడని చెబితే ఎవరు వింటారు?"

ఆ గుడ్డల మాట కొత్తది కాదు. నాన్న బతికి ఉండగా ఆయన మొహం మీదే అనేవాడు. మామయ్యది పెయింట్ల కొట్టు. బకెట్ల మధ్య కూర్చుని రోజంతా అరిచి అరిచి, మామూలుగా మాట్లాడినా పక్కింటికి వినిపించే గొంతు ఆయనది. వీధిలో ఎవరైనా "మీ బావగారు సైన్యంలో ఏం చేసేవారు?" అంటే చాలు, "దేశం కోసం దుప్పట్లు మడతపెట్టాడండీ" అనేవాడు. నాన్న నవ్వేవాడు. నిజానికి దుప్పట్లు కావు, పారాచూట్లు. విమానంలోంచి దూకేవాళ్ళ వీపున ఉండే సంచిని సిద్ధం చెయ్యడం ఆయన పని. కానీ ఆయన్ని అడిగినా అంతకు మించి చెప్పేవాడు కాదు. చిన్నప్పుడు గుండీ అడిగేది.

"సైన్యంలో ఏం చేశావు నాన్నా?"

"మడతపెట్టాను."

"తర్వాత?"

"వాళ్ళు దూకి విప్పుకొచ్చారు. మళ్ళీ మడతపెట్టాను."

ఇదీ కథ. దీన్ని పట్టుకుని హాలు నిండా ఉన్న మనుషుల ముందు ఆమె నిలబడాలి. పైగా నాన్న ఒక మాట తీసుకున్నాడు. చివరి రోజుల్లో, మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చుని, కిటికీలోంచి ఎదురింటి డాబా మీద ఆరేసిన బట్టలు చూస్తూ, రేపు తన గురించి ఎవరైనా మాట్లాడాల్సి వస్తే ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నాడు. "గాలి నింపొద్దు తల్లీ. ముఖ్యంగా మీ మామయ్య చేతికి మైకు ఇవ్వొద్దు," అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమె సరేనంది.

ఆ సరే ఇప్పుడు మెడకి చుట్టుకుంది. ఎక్కువ చేసి చెబితే నాన్నకిచ్చిన మాట పోతుంది. ఉన్నదే చెబితే, గుడ్డలు మడతపెట్టిన మనిషి అని జనం టీ తాగేసి లేచిపోతారేమో. నాన్న జీవితం అంతేనా అని అమ్మ మనసులో కలుక్కుమంటుందేమో. గుండీకి తిండి సయించలేదు. పుస్తకం తెరిస్తే ఒకే పేజీ దగ్గర గంటల తరబడి కూర్చునేది.

నాన్న దర్జీ కొడుకు. వాళ్ళ నాన్న కొట్లో కుట్టుమిషను కింద, కత్తిరింపు ముక్కల మధ్య పెరిగాడు. బట్టని చూసి కాదు, పట్టుకుని గుర్తుపట్టేవాడు. విమానం ఎక్కవచ్చనే ఆశతో సైన్యంలో చేరాడు. చేరిన కొత్తలో, చిరిగిన డేరా ఎక్కడ చిరిగిందో ఎవరికీ దొరక్కపోతే, అటు ఎవరితోనో మాట్లాడుతూనే ఇటు వేలితో తడిమి చిల్లు పట్టుకున్నాడట. అది చూసిన అధికారి ఆయన్ని తీసుకెళ్ళి పారాచూట్ల హాల్లో పడేశాడు. విమానం మాట అక్కడితో సరి.

ఆ హాలు గురించి ముక్కలు ముక్కలుగా చెప్పేవాడు. ఈ చివర నిలబడి ఆ చివర ఉన్న మనిషిని పిలవాలంటే గొంతు పెంచాల్సినంత పొడుగు బల్లలు. వాటి మీద పారాచూట్‌ని బారుగా పరిచి, తాళ్ళని జడ దువ్వినట్టు చిక్కులేకుండా దువ్వి, బట్టని పొర మీద పొరగా వేసుకుంటూ పోవాలి. మడత జారకుండా చిన్న చిన్న ఇసుక సంచులు పెట్టుకోవాలి. అరచేత్తో గాలిని చివరిదాకా తోసెయ్యాలి. గది నిండేంత బట్ట చివరికి ఒక మనిషి వీపు మీద ఇమడాలి. గోరు తగిలి బట్ట గీరుకోకూడదని గోళ్ళు చర్మం దాకా కత్తిరించుకునేవారు. ఉంగరాలు పెట్టుకోకూడదు. సైన్యం మానేశాక కూడా నాన్న ఉంగరం పెట్టుకోలేదు. అమ్మ కొనిచ్చిన ఉంగరం బీరువాలోనే పెరిగి పెద్దదైంది అనేవాడు మామయ్య.

ఆ హాల్లో రెండు కట్టుబాట్లు. మడతపెడుతున్న మనిషిని పిలవకూడదు. ఒకవేళ పిలిస్తే, మనసు పక్కకి పోయిందని లెక్క. ఎంతవరకు వచ్చినా విప్పేసి మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెట్టాలి. రెండోది, ఏ రోజైనా పై అధికారి వచ్చి వరసలో ఉన్న ఒక సంచిని చూపించి, ఇది మడతపెట్టినవాడు దీంతోనే దూకాలి అనవచ్చు. అందుకని ప్రతి సంచినీ తన వీపుకే అనుకుని మూసేవారు.

ఈ రెండింటినీ నాన్న ఇంటికి తెచ్చుకున్నాడు.

సెలవు రోజు మధ్యాహ్నం అమ్మా ఆయనా చెరో అంచూ పట్టుకుని దుప్పట్లు మడతపెట్టేవాళ్ళు. ఒకసారి గుండీ వ్యాసరచనలో బహుమతి వచ్చిందని గుమ్మంలోంచే చెప్పేసింది. నాన్న ఆగి, విన్నాడు, మొహం ఇంత చేసుకుని మెచ్చుకున్నాడు. ఆ తర్వాత మూడొంతులు అయిపోయిన మడతని దులిపి మొత్తం విప్పేశాడు.

"ఇది దుప్పటండీ," అంది అమ్మ.

"అది నీకూ నాకూ తెలుసు. చేతికి తెలీదు," అన్నాడు నాన్న.

మామయ్య వచ్చిన రోజు మాత్రం ఆ ఇంట్లో ఒక్క దుప్పటీ మడతపడేది కాదు. ఆయన నోరు మూసుకునే ప్రశ్నే లేదు. ఇంకెవరు మధ్యలో మాట్లాడినా ఆగమని వేలెత్తే నాన్న, మామయ్యని మాత్రం ఏమీ అనేవాడు కాదు. లోపల్లోపల నవ్వుకుంటూ దుప్పటి దులిపి మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఆ నవ్వేమిటో గుండీకి అర్థమయ్యేది కాదు.

ఇక రెండో కట్టుబాటు. కుర్చీ బాగుచేస్తే ముందు తనే కూర్చునేవాడు. అమ్మకి జ్వరం వచ్చి తను వండితే, ముందు తను తిని, కాసేపు ఆగి, బతికే ఉన్నానని నిర్ధారించుకున్నాక వాళ్ళకి పెట్టేవాడు. గుండీ సైకిలు బ్రేకులు బిగించిన రోజున, ఆ పిల్లల సైకిలు ఎక్కి మోకాళ్ళు చెవులకి తగులుతుండగా వీధి చివరిదాకా తొక్కుకుంటూ వెళ్ళొచ్చాడు. కిటికీలన్నీ తెరుచుకున్నాయి. గుండీ సిగ్గుతో తలుపు వెనకాల దాక్కుంది. నాన్న చెమటలు కక్కుతూ వచ్చి, "పట్టుకుంటోంది, నువ్వు తొక్కచ్చు," అన్నాడు.

విమానం ఎక్కాలని సైన్యంలో చేరిన ఈ మనిషికే ఎత్తంటే హడల్. బల్బు మార్చాలంటే అమ్మ స్టూలెక్కాలి. నాన్న రెండు చేతులా స్టూలు పట్టుకుని, పైకి చూడకుండా నేల చూస్తూ నిలబడేవాడు. అప్పుడు మామయ్య ఉంటే పండగే. మా బావ విమానాల కిందే ఎందుకు పనిచేశాడో ఇప్పుడర్థమైందా అనేవాడు. నిన్నెప్పుడైనా దూకమన్నారా నాన్నా అని గుండీ ఒకసారి అడిగితే, "ఈ మోకాళ్ళు చూసి ఎవరంటారే?" అన్నాడు. ఆయన వంతు రాకుండానే ఉద్యోగం అయిపోయిందనుకుని వాళ్ళు ఆ సంగతి వదిలేశారు.

ఏదో ఒకటి దొరక్కపోతుందా అని, సభకి ముందు రోజు గుండీ ఆసుపత్రికి వెళ్ళింది. సైన్యం నుంచి వచ్చాక నాన్న అక్కడ బట్టల గదిలో పనిచేశాడు. నేల కిందున్న గది. ఉతికి ఆరిన గుడ్డల వెచ్చటి వాసన, గోడ పొడుగునా అరలు, మధ్యలో ఒక పొడుగు బల్ల. ఆపరేషన్ గదికి వెళ్ళే ఆకుపచ్చ గుడ్డల మూటలు కట్టడం ఆయన పని. అది ఊరికే కట్టడం కాదు. డాక్టరు చేతులు ఇంకేదీ ముట్టుకోకుండా, పై అంచు పట్టుకుని ఒక్కసారి లాగితే గుడ్డ రోగి మీద తనంతట తను పరుచుకోవాలి. అటువంటి మడత.

పెద్ద నర్సు ఆమెని కూర్చోబెట్టుకుని టీ తెప్పించింది. "మిలిటరీ బాబాయ్ మడతా అని అడిగేవాళ్ళమ్మా మా డాక్టర్లు," అంది. ఆవిడ ఇంకో సంగతి కూడా చెప్పింది. నాన్నకి కడుపులో ఆపరేషన్ జరిగినప్పుడు, ఆ రోజుకి సిద్ధంగా ఉన్న మూటల్లోంచి ఆయన కట్టిన మూటనే తను పట్టుకొచ్చిందట. బల్ల మీద పడుకున్న నాన్న దాన్ని చూసి ముడి గుర్తుపట్టాడట. అంతసేపూ చలికో భయానికో వణుకుతున్న మనిషి, నెమ్మదించాడట.

"ఏమన్నారో తెలుసా? 'పర్వాలేదు సిస్టర్, ఇది తెరుచుకుంటుంది,' అన్నారు. మత్తిచ్చాక కూడా మొహం మీద ఆ నవ్వు పోలేదు. నా ఉద్యోగంలో అంత మంచి కితాబు ఇంకెప్పుడూ వినలేదు, అదీ తన మూటకి తను ఇచ్చుకున్నది," అని పెద్ద నర్సు కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది.

గుండీ ఆ మాట మనసులో పెట్టుకుంది. చెప్పడానికి ఒకటి దొరికింది. కానీ సైన్యం దగ్గర ఇంకా ఖాళీయే.

మర్నాడు సభకి చాలా ముందే వాళ్ళు హాలుకి చేరుకున్నారు. మామయ్య కుర్చీలు సర్దించే పేరుతో ఆసుపత్రి వాళ్ళందరినీ హడలగొడుతున్నాడు. అమ్మ ఒక బల్ల మీద తెల్ల దుప్పటి పరిచి దాని మీద నాన్న ఫొటో పెట్టింది. గుండీ దుప్పటి అంచులు సరిచేస్తూ ఉంటే, గుమ్మంలో ఒక ముసలాయన కర్రకి ఆనుకుని నిలబడి కనిపించాడు. వంగని నడుము. దూరం నుంచి బస్సులో వచ్చినట్టు చొక్కా నలిగి ఉంది. ఫొటో ముందుకొచ్చి, కర్ర ఎడంచేతికి మార్చుకుని, సెల్యూట్ చేశాడు. అప్పుడు వెనక్కి తిరిగి, "ఇక్కడ గుండీ ఎవరు?" అన్నాడు.

ఆమె ఉలిక్కిపడింది. ఇంట్లోవాళ్ళు తప్ప ఎవరికీ తెలియని పేరది.

ఆయన నాన్న పనిచేసిన హాలుకి సార్జెంటు. మోకాలు నొప్పిగా ఉందని మెల్లగా కుర్చీలో కూలబడి, ఆమెని పక్కన కూర్చోమన్నాడు. నువ్వు పుట్టిన రోజు నాకు మీ నాన్న కంటే బాగా గుర్తుందమ్మా, ఆ రోజు ఆయన సంతోషంతో ఈ లోకంలో లేడు కాబట్టి అని మొదలుపెట్టాడు.

ఆ పొద్దున నాన్న బల్ల దగ్గర సగం మడతలో ఉన్నాడు. ఇంటి దగ్గర్నుంచి ఆఫీసుకి ఫోన్ వచ్చింది. ఆఫీసు గుమాస్తా కొత్తవాడు. హాలు కట్టుబాట్లు తెలియవు. ఫోన్ చేసినాయన ఇప్పుడే, ఈ క్షణమే చెప్పాలని గొంతు చించుకుంటున్నాడని వాడు పరిగెత్తుకొచ్చి, అందరికీ వినపడేలా కేకేశాడు. కూతురు పుట్టింది, చొక్కా గుండీ అంత ఉంది, తల్లీ పిల్లా క్షేమం అని. హాలంతా వచ్చి నాన్న మీద పడింది. వీపులు చరిచారు, ఎత్తి కుదిపారు. గోల సద్దుమణిగాక నాన్న బల్ల దగ్గరికి వెళ్ళి, మిగిలింది పూర్తిచేసి, సంచి మూసి, వరసలో పెట్టి, ఇంకోటి మొదలుపెట్టాడు. విప్పి మళ్ళీ మొదట్నుంచీ చెయ్యాలన్న సంగతి ఆయనకి గాని, పక్కనున్న వాళ్ళకి గాని, చివరికి సార్జెంటుకి గాని తట్టలేదు.

సంచులన్నీ లారీకెక్కాయి. మధ్యాహ్నం భోజనాల దగ్గర నాన్న చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయిందట.

"నా దగ్గరికొచ్చి నిలబడ్డాడమ్మా. మొహం గోడకి వేసిన సున్నంలా ఉంది. ఏంట్రా అన్నాను. 'సార్, వాటిల్లో ఒకటి నేను ఆనందంలో మడతపెట్టాను. తాళ్ళు మళ్ళీ దువ్వానో లేదో గుర్తులేదు,' అన్నాడు. ఏదిరా అది అంటే, కలిసిపోయాయి సార్, తెలీదు అన్నాడు."

తెలియకపోతే ఒకటే దారి. ఆ రోజు దూకడం ఆగిపోయింది. విమానం దగ్గరికి వెళ్ళిన లారీ వెనక్కి వచ్చింది. హాల్లో ఆ రోజు మడతపెట్టినవన్నీ బల్లల మీద పరిచి, ఒక్కొక్కటే విప్పి చూశారు. పై అధికారులు నిప్పులు చెరిగారు. అన్నీ చూశాక తేలిందేమిటంటే, ఒక్కదానిలోనూ తప్పు లేదు. తాళ్ళన్నీ దువ్విన జడల్లా ఉన్నాయి. ఆనందంలో కూడా ఆయన చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

అయినా శిక్ష శిక్షే. నాన్నకి రావాల్సిన ప్రమోషన్ ఆగిపోయింది. పెద్ద అధికారి వచ్చి, నీ చేతుల మీద నీకే నమ్మకం లేకపోతే ఎలా, రేపు వీటిల్లో ఒకదాన్ని మళ్ళీ నువ్వే మడతపెట్టి, దాంతో నువ్వే దూకు అన్నాడు.

"దూకారా?" అంది గుండీ. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినపడింది.

"తలుపు దగ్గర కళ్ళు మూసుకున్నాడట. దూకాడో తోశారో ఇప్పటికీ తేలలేదు," అని సార్జెంటు నవ్వాడు. "నేను కింద పొలంలో ఉన్నాను. దిగాడు. దిగినచోటే చతికిలబడి, మట్టిలో బారుగా పరుచుకున్న ఆ బట్టని ఒళ్ళోకి లాక్కుని మడతపెట్టడం మొదలుపెట్టాడు. దెబ్బేమైనా తగిలిందా అని పరిగెత్తాను. తలెత్తి, 'తెరుచుకుంది సార్,' అన్నాడు. మళ్ళీ మడత చూసుకుంటూ, 'సెలవిస్తే మా గుండీని చూసొస్తాను,' అన్నాడు."

గుండీ తల వంచుకుంది. కన్నీళ్ళు ఒళ్ళో ఉన్న చేతుల మీద పడుతున్నాయి. పెద్ద నర్సు చెప్పిన నవ్వు ఎక్కడిదో ఇప్పుడు తెలిసింది. మామయ్య మధ్యలో మాట్లాడినప్పుడల్లా దుప్పటి దులిపి నవ్విన నవ్వు కూడా అదే.

సార్జెంటు గొంతు తగ్గించాడు. ఇంటిదగ్గర ఈ సంగతి చెప్పొద్దని నాన్న ఆయన దగ్గర మాట తీసుకున్నాడట. తన పుట్టుక వల్లే ప్రమోషన్ పోయిందని పిల్ల పెద్దయ్యాక అనుకుంటుందనీ, ఫోన్ చేసిన బావమరిది తెలిస్తే కుంగిపోతాడనీ. "ఇన్నేళ్ళూ నోరు మెదపలేదు. ఇప్పుడు ఆయన లేడు. ఉన్నదాన్ని నీ చేతిలో పెట్టాను. చెప్పడం, మానడం నీ ఇష్టం తల్లీ."

జనం రావడం మొదలైంది. వార్డు ఆయాలు, నర్సులు, ఇద్దరు డాక్టర్లు, వీధిలోవాళ్ళు, సైన్యంలో కలిసి పనిచేసిన ముసలివాళ్ళు కొందరు. గుండీ గోడ పక్కన నిలబడి మామయ్యనే చూస్తోంది. ఆయన మొదటి వరసలో కూర్చుని, పక్కాయనకి బావ గురించి ఏదో గొప్ప చెబుతున్నాడు. వెతికి వెతికి అలసిపోయిన కథ దొరికింది. ఉప్పూ కారం అక్కర్లేని కథ. కానీ అది చెబితే తగిలేది అక్కడ నవ్వుతూ కూర్చున్న మనిషికి. చెప్పకపోతే నాన్న మళ్ళీ గుడ్డలు మడతపెట్టిన మనిషే.

పేరు పిలిచారు. ఆమె ఫొటో ఉన్న బల్ల పక్కకి వెళ్ళి దుప్పటి అంచు పట్టుకుంది. పట్టుకోవడానికి అదొక్కటే దొరికింది.

"మా నాన్న సైన్యంలో మడతపెట్టేవారు," అంది.

మామయ్య నుదురు కొట్టుకున్నాడు. అది చూడగానే, ఎందుకో, గుండీకి భయం పోయింది. దుప్పటి, సైకిలు, స్టూలు ఒకదాని వెనక ఒకటి చెప్పింది. జనం నవ్వారు. పెద్ద నర్సు మూట సంగతి చెప్పేసరికి నవ్వడం ఆపారు. అప్పుడు ఆ పొద్దుటి సంగతి ఎత్తుకుంది. ఇంటి నుంచి ఒక ఫోన్ వచ్చింది అంది. ఎవరు చేశారో చెప్పలేదు. ఒక్క మాట పెంచలేదు, ఒక్కటి తగ్గించలేదు. ఆనందంలో మడతపెట్టానన్న మాట దగ్గర కూడా ఆగలేదు. నాన్న పొలంలో కూర్చుని తెరుచుకుంది సార్ అన్నదాకా చెప్పి, అక్కడ ఆగింది.

"నాకు ఈ సంగతి ఇందాకే తెలిసింది. నాన్న ఉండగా తెలిసుంటే థాంక్స్ చెప్పేదాన్ని. ప్రమోషన్ వదులుకున్నందుకు కాదు. నేను పుట్టానని తెలిసి ఒక మడత విప్పడం మర్చిపోయేంత సంతోషపడినందుకు."

మొదటి వరసలో మామయ్య లేచి నిలబడ్డాడు.

"ఆ ఫోన్ చేసింది నేనే," అన్నాడు. ఎప్పుడూ పక్కింటికి వినపడే గొంతు ఇప్పుడు వెనక వరసలకి కూడా అందలేదు.

సార్జెంటు కర్ర పట్టుకుని ముందుకి వంగాడు. "మీరేనా బాబూ? ఇప్పుడే చెప్పకపోతే వచ్చి ఆఫీసు తలుపులు పగలగొడతానన్నారట. ఆ గుమాస్తా రిటైరయ్యేదాకా మిమ్మల్ని తలుచుకున్నాడు."

"అన్నాను. మేనకోడలు పుడితే అనరా మరి?" అన్నాడు మామయ్య. అందరూ నవ్వారు. ఆయనా నవ్వబోయాడు, మొహం సహకరించలేదు. అమ్మ వైపు తిరిగాడు. "ఇన్నేళ్ళు దుప్పట్లు దుప్పట్లని ఏడిపించానే. ఒక్కసారి... ఒక్కసారైనా అనాలి కదా మనిషి."

"అంటే నువ్వు ఊరుకుంటావా?" అంది అమ్మ. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి, మాట మాత్రం ఎప్పటిలాగే ఉంది. "నీ నోట్లో నువ్వుగింజ నానదు. వచ్చిన ప్రతివాడికీ ఈ కథ చెప్పి, చివర్లో ఏడ్చేవాడివి. ఆయనకి నువ్వలా ఏడవడం ఇష్టం లేదు. నువ్వొస్తే ఇల్లు సందడిగా ఉండటం ఇష్టం."

మామయ్య కూర్చున్నాడు. జేబురుమాలు తీసి మొహం మొత్తం తుడుచుకున్నాడు. ఆ తర్వాత మాట్లాడినవాళ్ళు చాలామందే ఉన్నారు. నాన్న చేతి సంచితో దూకి వచ్చిన ముసలాయన ఒకాయన లేచి, నేను ఇక్కడ నిలబడి ఉండటమే నేను చెప్పదలచుకున్నది అని కూర్చున్నాడు. బస్సులు తప్పిపోయినా ఎవరూ తొందరపడలేదు.

అందరూ వెళ్ళాక అమ్మ ఫొటోని గుండెలకి ఆనించుకుని కుర్చీలో కూర్చుంది. బల్ల మీది తెల్ల దుప్పటి మిగిలింది. గుండీ ఒక వైపు అంచులు పట్టుకుని అమ్మ కోసం చూసేలోగా, అవతలి అంచులు మామయ్య పట్టుకున్నాడు. ఆయన చేతులకి ఆ పని రాదు. గోళ్ళ సందుల్లో పాత పెయింటు. గుండీ కళ్ళతోనే చూపించింది. ఒక మడత వేశారు. అంచు మీద అంచు పెట్టి, అరచేత్తో గాలి తోశారు. మామయ్య పెదవులు గట్టిగా బిగించుకుని, నేర్చుకునే పిల్లవాడిలా చూస్తున్నాడు. ఆయన అంతసేపు మాట్లాడకుండా ఉండటం అమ్మా, కూతురూ అదే మొదటిసారి చూడటం.

రెండో మడత సగంలో ఉండగా మామయ్య జేబులో ఫోన్ మోగింది.

ఆయన తియ్యలేదు. కాసేపు మోగి అదే ఆగిపోయింది. గుండీ ఆయన మొహంలోకి చూసింది. మామయ్య చేతిలోని అంచుల వంక చూసుకుని, పెద్దగా ఊపిరి పీల్చుకుని, దుప్పటిని ఒక్క దులుపు దులిపి మొత్తం విప్పేశాడు.

"మొదట్నుంచీ," అన్నాడు.